'మనం'లో ఎవరున్నారు?

పెద్ద కంపెనీల సభల్లో తరచు వినవచ్చే మాట ఒకటుంది: "మనమంతా ఒకే కుటుంబం." సాహిత్య విద్యార్థులు ఈ మాట దగ్గర కాస్త ఆగాలని నా అభిప్రాయం. తెలుగులో 'మనం' వేరు, 'మేము' వేరు. వింటున్న మనిషిని కలుపుకొనేది మొదటిది. బయట నిలబెట్టేది రెండవది. సభలో 'మనం' అనే సంస్థ, ఉద్యోగాలూ పదోన్నతులూ నిర్ణయించే గదిలో ఏ మాట వాడుతున్నది? దళిత, ఆదివాసీ, ముస్లిం ఉద్యోగులకు అక్కడ ఉన్న చోటెంతో ఈ ప్రశ్నే తేలుస్తుంది.

ముందు గుమ్మం సంగతి చూద్దాం. రాజ్యాంగం 16(4) అధికరణం కింద వచ్చిన రిజర్వేషన్లు ప్రభుత్వోద్యోగాలకు సంబంధించినవి. ప్రైవేటు రంగం "మా కొలబద్ద ప్రతిభ ఒక్కటే" అంటుంది. ఆ కొలబద్దను సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ పరీక్షకు పెట్టారు. సమానమైన అర్హతలున్న దరఖాస్తులను అగ్రకుల హిందూ పేర్లతో, దళిత పేర్లతో, ముస్లిం పేర్లతో పత్రికా ప్రకటనలకు జవాబుగా పంపారు. 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులు; ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. మనిషిని చూడకముందే పేరు చూసి ఇచ్చిన తీర్పు ఇది.

పిలుపు అందుకున్నవారికి మరో గడప ఉంది. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ నియామకాధికారులతో మాట్లాడి అదే సంవత్సరం ఒక వ్యాసం ప్రచురించారు. ప్రతిభే ముఖ్యమని చెప్పిన అధికారులే అభ్యర్థి 'కుటుంబ నేపథ్యం' కూడా అడుగుతారని అందులో తేలింది. తండ్రి ఏం చేస్తాడు, ఎక్కడ పెరిగావు? పైకి మర్యాదైన ప్రశ్నలే. కాని ఎవరి తండ్రి ఆఫీసరు, ఎవరి తండ్రి కూలీ అన్నది మన సమాజంలో యాదృచ్ఛికం కాదు. తరతరాల భూమీ చదువూ ఇచ్చిన నడవడికను ఈ ప్రశ్న వ్యక్తిగత ప్రతిభగా లెక్కగడుతుంది. 'ఒకే కుటుంబం' అన్న మాటకు అసలు అర్థం ఇక్కడ బయటపడుతుంది.

ఫలితం పై అంతస్తులో కనిపిస్తుంది. 2010 నాటి వివరాలతో 1000 పెద్ద కంపెనీల బోర్డులను పరిశీలించిన అధ్యయనం 2012లో వెలువడింది. డైరెక్టర్లలో సుమారు 93 శాతం అగ్రకులాలవారు. షెడ్యూల్డు కులాలు, తెగలవారు కలిసి 3.5 శాతం.

ఉద్యోగం దొరికినా చోటు దొరకదు. "మీ ఇంటిపేరేమిటి?" "మీరు మనవాళ్ళేనా?" అన్న పలకరింపులు ఆప్యాయంగానే వినిపిస్తాయి. తన కులం దాచుకునేవాడికి మాత్రం అవి విచారణలు. మంచి పని ఎవరికి అప్పగించాలి, ఎవరి పేరు పైకి పంపాలి అన్నవి 'మనవాళ్ళ' మధ్య భోజనాల దగ్గరే తేలిపోతే, నియమావళి కాగితం మీదే మిగులుతుంది. ఈ పలకరింపు భారతీయ ఉద్యోగులతో పాటు సముద్రాలు దాటింది. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం కులవివక్షను చట్టరీత్యా నిషేధించవలసి వచ్చిందంటే కారణం అదే.

సహృదయత గురించి ఉపన్యాసాలు పెడితే చాలుననేవారున్నారు. దయ మీద ఆధారపడిన చోటు దయ తప్పిన రోజున పోతుంది. నియామక ప్రమాణాలు ముందే రాసి ప్రకటించాలి. కుటుంబ నేపథ్యం అడగడం మానాలి. ఏ స్థాయిలో ఎవరెందరున్నారో లెక్క బయటపెట్టాలి. పని స్థలంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం పదిమంది ఉన్న ప్రతి సంస్థలోనూ బయటి సభ్యురాలో సభ్యుడో ఉండే ఫిర్యాదుల సంఘం ఉండాలన్నది. కులవివక్షకూ అటువంటి ఏర్పాటు ఎందుకుండరాదు?

రచయితల బాధ్యత ఇక్కడ చిన్నది కాదు. ఊరిలో కులాన్ని గుర్తుపట్టిన మన కథ, అద్దాల భవనంలోకి వచ్చేసరికి ఒంటరితనం, యాంత్రికత అనే మాటలతో సరిపెట్టుకోరాదు. ఆ భవనంలో ఒంటరితనం అందరికీ సమానంగా పంచబడలేదు. అక్కడి పాత్ర 'మనం' అన్నప్పుడల్లా ఆ మాటలో ఎవరున్నారో, ఎవరు లేరో పాఠకుడికి తెలియాలి.