పాలల్లో ఈగ పడితే తీసి పారేస్తే సరిపోదు

పితికిన పాలల్లో ఈగ పడితే ఏం చేస్తాం? వేలితోనో గరిటెతోనో తీసి అవతల పారేస్తాం. మరీ పట్టింపు ఉన్నవాళ్లు గుడ్డలో వడగడతారు. కాచితే అంతా పోతుందిలే అనుకుంటారు. ఈగను తీసేశాం సరే, అది మోసుకొచ్చిన సూక్ష్మక్రిములు పాలల్లోనే ఉండిపోతాయి. గుడ్డ ఈగను ఆపుతుంది గానీ కంటికి కనిపించని క్రిములను ఆపలేదు.

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల మెట్ట పల్లెల్లో వానలు ముఖం చాటేసిన ఏడు శెనక్కాయ గానీ, జొన్న గానీ చేతికి రాదు. ఆ ఏడు ఇల్లు నడిచేది ఒకటి రెండు బర్రెల పాల డబ్బుతోనే. ఆ పాలు పులిసిపోయాయని కేంద్రంలో తిప్పి పంపితే ఆ పూట దాణా ఖర్చు కూడా రాదు. పైగా ఒకరి చెడ్డ పాలు కలిస్తే 40 లీటర్ల క్యాను మొత్తం పాడవుతుంది. పొరుగు రైతు కష్టం కూడా పోతుంది. ఇంట్లో పిల్లలు తాగేదీ ఆ పాలే. అందుకే ఈగల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు.

ఈగ ఏం తెస్తుంది?

ఈగకు నమిలే పళ్లు లేవు. ఏది తినాలన్నా ముందు దాని మీద ఉమ్మి, పొట్టలోది కొంత కక్కి, పలుచన చేసుకుని పీలుస్తుంది. వాలిన చోటల్లా రెట్ట వేస్తుంది. పేడ మీద, పుండు మీద, పెంట మీద వాలిన ఈగే లేచి వచ్చి చెంబు అంచు మీద కూర్చుంటుంది. దాని కాళ్లకూ ఒంటికీ ఉన్న నూగులో, కడుపులో లక్షల కొద్దీ క్రిములు ఉండవచ్చు. విరేచనాలు తెచ్చేవి, టైఫాయిడ్ జాతివి, చీము పట్టించేవి అందులో ఉంటాయి.

పాలు మనకు ఎంత బలమో ఆ క్రిములకూ అంతే బలం. ఎండ వేడికి కొన్ని రకాల క్రిములు అరగంటకు ఒకసారి రెట్టింపు అవుతాయి. ఆ లెక్కన ఒక్క క్రిమి 4 గంటల్లో 256 అవుతుంది. తెల్లవారుజామున పితికిన పాలు మధ్యాహ్నానికి విరిగిపోవడానికి కారణం ఇదే.

కాచితే క్రిములు చాలా వరకు చస్తాయి. అది నిజమే. పచ్చిపాలు ఎవరికీ తాపొద్దు. కానీ స్టెఫిలోకాకస్ అనే క్రిమి పాలల్లో బాగా పెరిగితే ఒక విషాన్ని వదులుతుంది. క్రిమి చచ్చినా ఆ విషం మరిగినంత మాత్రాన పోదు. తాగినవాళ్లకు కొద్ది గంటల్లోనే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. కాబట్టి కాచడం ఎంత అవసరమో, కాచే వరకు పాలు శుభ్రంగా ఉంచడం అంతే అవసరం.

పొదుగుకూ ముప్పే

కొట్టంలో తిరిగే ఈగలన్నీ ఒక రకం కాదు. చూడటానికి ఇంటి ఈగలాగే ఉండి, ముందుకు పొడుచుకొచ్చిన సూదిలాంటి మూతితో పశువుల కాళ్ల మీద కుట్టి రక్తం పీల్చేవి కొన్ని ఉన్నాయి. ఇవి కుడుతుంటే బర్రె ఒక చోట నిలవదు. కాళ్లు నేలకు కొడుతుంది, తోక విసురుతుంది. మేత మీద ధ్యాస తగ్గి పాలు తగ్గుతాయి. పితికేటప్పుడు ఆ తోక విసురుకు, కాలి తాపుకు పేడ, మట్టి చెంబులో పడతాయి.

చన్ను కొనకు చిన్న పగులు, పుండు ఉన్నా ఈగలు అక్కడే మూగుతాయి. ఒక పశువు నుంచి ఇంకో పశువుకు చీము క్రిములను అంటించి పొదుగువాపు తెస్తాయి. అందుకే పితికే ముందు ఒక్కో చన్ను నుంచి రెండు మూడు ధారలు నల్లటి గుడ్డ మీద పిండి చూడండి. తెల్లటి ముక్కలు గానీ, రక్తపు జీర గానీ కనిపిస్తే ఆ పాలు కేంద్రానికి పోయొద్దు, ఇంట్లో వాడొద్దు. వెంటనే పశువైద్యుడికి చూపించండి.

పుట్టేది మన దిబ్బలోనే

ఈగ ఒక్కసారికి 100 నుంచి 150 గుడ్లు పెడుతుంది. బతికినన్నాళ్లలో ఇలా నాలుగైదు సార్లు పెడుతుంది. తడి పేడ, కుళ్లిన దాణా, ఉచ్చకు నానిన చొప్ప అంటే దానికి ఇష్టం. గుడ్డు ఒక్క రోజులో పగిలి తెల్లటి పురుగు అవుతుంది. అది నాలుగైదు రోజులు తిని, పక్కనున్న పొడి మట్టిలోకి పోయి, గోధుమరంగు గింజలాంటి గూడు కట్టుకుంటుంది. మన వేడికి 8 నుంచి 10 రోజుల్లో గుడ్డు కాస్తా ఈగ అవుతుంది.

రైతులు గుర్తుపెట్టుకోవలసిన లెక్క ఇదే. కొట్టంలోని పేడను, గాడి కింద కుళ్లిన కసువును వారం తిరగకుండా ఎత్తేస్తే ఈగ ఎగిరే లోపే దాని వంశం ఆగిపోతుంది. పది రోజులు వదిలేస్తే కొత్త మంద తయారవుతుంది.

నడి ఎండాకాలంలో పేడ త్వరగా ఎండిపోతుంది కాబట్టి ఈగలు తగ్గుతాయి. తొలకరి పడగానే మళ్లీ విరుచుకుపడతాయి. కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి ఊళ్లలో వానాకాలం కొట్టమంతా బురదే కాబట్టి బాధ ఇంకా ఎక్కువ.

మందు చల్లితే ఇంకో ముప్పు

ఈగలు, గోమార్లు ఎక్కువయ్యాయని కొందరు పత్తికి, శెనగకు కొట్టగా మిగిలిన పురుగుమందును పశువు ఒంటికి పూస్తుంటారు. ఇది చాలా ప్రమాదం. పశువు ఒళ్లు నాకితే చొంగ కారి, వణికి, ప్రాణమే పోవచ్చు. బతికినా ఆ మందు కొంత పాలల్లోకి దిగవచ్చు.

వెనకటి రోజుల్లో గమాక్సిన్, డీడీటీ పొడులు ధారాళంగా చల్లేవారు. ఆ రకం మందులు కొవ్వులో కరిగి వెన్నతోపాటు పాలల్లోకి వస్తాయి. భారత వైద్య పరిశోధన మండలి 12 రాష్ట్రాల నుంచి 2,205 పాల నమూనాలు తీసి పరీక్షించి 1993లో వివరాలు వెల్లడించింది. వాటిలో సుమారు 82 శాతం నమూనాల్లో డీడీటీ కనిపించింది. 37 శాతంలో అది పరిమితికి మించి ఉంది. వ్యవసాయంలో డీడీటీని 1989లో, గమాక్సిన్‌గా మనకు తెలిసిన బీహెచ్‌సీని 1997లో నిషేధించారు. పాలల్లో చేరిన అలాంటి మందు కాచినా పోదు, వడగట్టినా పోదు.

గోమార్లకు మందు వాడక తప్పనప్పుడు పశువైద్యుడు రాసినదే వాడండి. మందు వేశాక ఎన్ని రోజులు పాలు వాడకూడదో తప్పక అడగండి. ఆ రోజులు అయ్యే వరకు పాలు పోయొద్దు. గాడిలో, నీళ్ల తొట్టిలో, పాల పాత్రల దగ్గర ఏ మందూ చల్లొద్దు.

ఖర్చు లేని జాగ్రత్తలు

1. పేడ రోజూ రెండు పూటలా ఎత్తండి. దిబ్బను కొట్టానికి దూరంగా గుంటలో వేసి, పైన మట్టి గానీ పాత పట్ట గానీ కప్పండి. కప్పిన దిబ్బ లోపల వేడెక్కి పురుగులు చస్తాయి. ఎరువూ బాగా మాగుతుంది. ఎండ ఉన్న రోజుల్లో పేడను పలుచగా పిడకలు చేసి ఆరబెట్టినా ఈగ గుడ్లకు తావు ఉండదు.

2. కొట్టంలో నేల తడి లేకుండా చూడండి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ముక్కలైన నాపరాళ్లను గరుకు వైపు పైకి ఉంచి పరుచుకోవచ్చు. నున్నటి బండలు వేస్తే పశువు జారుతుంది. ఉచ్చ పోవడానికి ఒక వైపు వాలు, చిన్న కాలువ పెట్టండి. తడి చోట పొడి సున్నం చల్లండి.

3. నాటుకోళ్లను దిబ్బ దగ్గర తిరగనివ్వండి. కెలికి పురుగులను ఏరుకు తింటాయి.

4. పితికే ముందు పొదుగు కడిగి, శుభ్రమైన పొడిగుడ్డతో తుడవండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. మూతి ఇరుకుగా ఉన్న పాత్రలో పితకండి. వెడల్పు బకెట్లు, గీతలు పడిన ప్లాస్టిక్ డబ్బాలు వాడొద్దు.

5. దోమలకు వేపాకు పొగ వేయాలంటే పితికేశాక వేయండి. పాలు పొగ వాసన పట్టుకుంటాయి.

6. పితికిన పాలు కొట్టంలో ఒక్క నిమిషం కూడా మూత లేకుండా ఉంచొద్దు. వడగట్టే గుడ్డను రోజూ వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి.

7. కేంద్రానికి పోవడానికి ఆలస్యమైతే పాత్రను చన్నీళ్ల తొట్టిలో పెట్టి, పైన తడి గోనెసంచి కప్పండి. ఇంట్లో చీమలు పడుతుంటే నీళ్లు పోసిన పళ్లెంలో గిన్నె పెట్టండి.

8. పాత్రలను సోడా కలిపిన వేడినీళ్లతో తోమి, ఎండలో బోర్లించండి.

వీటిలో చాలా పనులకు డబ్బు అక్కరలేదు. రోజుకు అరగంట పని చాలు. ఒక్క ఇల్లు చేస్తే కొంత, వీధంతా చేస్తే చాలా ఫలితం ఉంటుంది. ఎందుకంటే ఈగ పక్కింటి దిబ్బ నుంచి కూడా ఎగిరి వస్తుంది. పాల కేంద్రం దగ్గర నలుగురు కలిసినప్పుడు ఈ మాట మాట్లాడుకోండి. దిబ్బలు ఎత్తే రోజు అందరూ కలిసి వారానికి ఒకటి పెట్టుకోండి.