పక్షవాతం తర్వాత నడక: సూదుల వైద్యం ఎంతవరకు?

"సిస్టరమ్మా, సూదులు గుచ్చిస్తే మా ఆయన లేచి నడుస్తడంటున్నరు, నిజమేనా?" కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చే కుటుంబాలు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఇది. వెనుక పసర్ల గురించి, పావురాల నెత్తురు గురించి అడిగేవారు. వాటికంటే ఈ ప్రశ్నే నయం, దీనికి జవాబు చెప్పవచ్చు.

ఆక్యుపంక్చర్ చైనా దేశపు పాత వైద్యం. 1938లో డాక్టర్ కోట్నిస్‌తో కలిసి చైనా వెళ్ళిన డాక్టర్ బి.కె. బసు, తర్వాత అక్కడే దీనిని నేర్చుకొని 1959లో కలకత్తాకు తెచ్చారు. సన్నని స్టీలు సూదులను చేతిలో, మోకాలి కింద, మడమ దగ్గర గుచ్చి కాసేపు ఉంచుతారు. మందేమీ ఎక్కించరు.

2016లో కాక్రేన్ సంస్థ 31 పరీక్షలను, 2,257 మంది రోగుల వివరాలను కలిపి చూసింది. కొంత మేలు కనబడింది గాని, ఆ పరీక్షలు చాలావరకు సరిగా జరగనందున గట్టిగా చెప్పలేమన్నది. కాబట్టి వ్యాయామంతో పాటు సూదులు వేయించుకుంటామంటే మేము వద్దనము. వ్యాయామం మాని వెళ్తామంటేనే మాకు భయం.

జన్నారం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనను ఇంటివాళ్ళు సూదుల కోసం తీసుకువెళ్ళారు. నెల తర్వాత తిరిగి వచ్చారు. ఆ నెలంతా ఆయన మంచం మీదనే ఉన్నారు. మడమ బిగిసి పాదం కిందికి వేలాడింది. జబ్బ పట్టి లేపడం వల్ల భుజం నొప్పి కూడా తోడైంది. తప్పు సూదులది కాదు, పోయిన నెలది. మెదడులో దెబ్బతిన్న భాగం చేసిన పనిని పక్క భాగాలు నేర్చుకోవాలి. అది మళ్ళీ మళ్ళీ చేయిస్తేనే వస్తుంది, మొదటి నెలల్లోనే ఎక్కువగా వస్తుంది.

ఆయన భార్యకు మేము నేర్పింది ఇది: కుర్చీలో కూర్చోబెట్టి రెండు పాదాలూ నేలకు ఆనించి లేపడం, పడిన కాలి మీద బరువు మోపించడం, నడిచేటప్పుడు పడిన వైపే తాను నిలబడడం. కర్ర మంచి చేతిలోనే. చెయ్యి పట్టి లాగకూడదు, నడుము దగ్గర పట్టుకోవాలి.

సూదులు వేయించుకునేవారు రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. ప్రతిసారీ కొత్త సూదుల పాకెట్ మీ కళ్ళముందే విప్పమనండి. బి.పి., షుగర్ మాత్రలు ఎవరు ఆపమన్నా ఆపవద్దు.

ఆ పెద్దాయన ఇప్పుడు వార్డు చివరి కిటికీ దాకా వెళ్ళి వస్తున్నారు. భార్య పక్కనే ఉంటుంది, చెయ్యి మాత్రం పట్టుకోదు.