ఘాటు రోడ్లపై మోటారుసైకిలు యాత్రలు: పంచాయతీలు తెలిసికొనవలసిన విషయములు

కార్తిక మాసము వచ్చినది మొదలు శివరాత్రి వఱకు, అనకాపల్లి నుండి కొండల వైపు పోవు త్రోవలలో తెల్లవారుజామున మోటారుసైకిళ్ల బారులు కనబడుచున్నవి. వీనిని నడుపువారిలో పెక్కుమంది విశాఖపట్టణమందలి కార్యాలయములలోను, అచ్యుతాపురము ప్రత్యేక ఆర్థిక మండలియందలి కర్మాగారములలోను పనిచేయు యువజనులు. వారమంతయు యంత్రముల నడుమ గడపినవారు రెండు మూడు దినములు చల్లని గాలి పీల్చుకొనుటకు మన్యమునకు పోవుచున్నారు. ఇందు తప్పు పట్టవలసినది లేదు. అయితే ఈ యాత్రలవలన దారి పొడుగునను గల గ్రామములకు కలుగు లాభమేమి, నష్టమేమి, ఆ నష్టమును తగ్గించి లాభమును పెంచుకొనుటకు పంచాయతీ సభ్యులు చేయదగినదేమి అను విషయములను ఈ వ్యాసమున వివరింపదలచినాము.

యాత్రామార్గము

అచ్యుతాపురము సముద్రమునకు చేరువనున్న ఊరు. కొండకర్ల ఆవ ఈ మండలములోనిదే. ఇచ్చటినుండి బయలుదేరినవారు అనకాపల్లి చేరి, అచ్చటినుండి మూడు కనుమలలో ఏదైన నొకదానిగుండ మన్యములో ప్రవేశింతురు. మొదటిది నర్సీపట్నము మీదుగా లంబసింగికి ఎక్కు ఘాటు రోడ్డు. రెండవది చోడవరము, మాడుగుల మీదుగా పాడేరుకు ఎక్కునది. మూడవది శృంగవరపుకోట మీదుగా అనంతగిరికిని, అరకులోయకును పోవునది. సాధారణముగ యాత్రికులు ఒక కనుమలో ఎక్కి మఱియొక కనుమలో దిగుదురు. మొదటి రాత్రి లంబసింగి లేక చింతపల్లి, రెండవ రాత్రి పాడేరు, మూడవ రాత్రి అరకు, నాల్గవనాడు బొర్రా గుహలు చూచుకొని తిరుగు ప్రయాణము. ఇది నాలుగు దినముల యాత్ర. రాజమహేంద్రవరము నుండి రంపచోడవరము, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరము పోవు 516-ఇ జాతీయ రహదారి ఈ ఊళ్లను కలుపుచున్నది.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినపుడు అచ్యుతాపురము, నర్సీపట్నము, చోడవరము, మాడుగుల అనకాపల్లి జిల్లాలోనికిని, చింతపల్లి, పాడేరు, అరకు, అనంతగిరి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనికిని వచ్చినవి. కావున యాత్ర ఒక జిల్లాలో బయలుదేరి మఱియొక జిల్లాలో సాగును. బయలుదేరు ఊరి పంచాయతీకిని, బస చేయు ఊరి పంచాయతీకిని ఇందు బాధ్యత కలదు.

ఈ రోడ్డు ఎట్లు పడినది

లంబసింగి కనుమలో నేడు వినోదమునకై బండ్లు ఎక్కుచున్నవి. నూఱు సంవత్సరములకు పూర్వము నర్సీపట్నము నుండి చింతపల్లి వైపు రోడ్డు వేయించునపుడు, గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ అనునాతడు గిరిజనులచేత బలవంతముగ, చాలీచాలని కూలికి పనిచేయించెను. అడవిపై ఆంక్షలకు తోడు ఈ బాధయు కలియగా మన్యప్రజలు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున తిరుగబడిరి. గాం గంటము దొర, గాం మల్లు దొర ఆయనకు కుడి ఎడమ భుజములైరి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి జరిగెను. 1924 మే 7న రాజును కొయ్యూరులో కాల్చి చంపిరి. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో నున్నది.

ఈ చరిత్రను ఇచ్చట చెప్పుటకు కారణము కలదు. రోడ్డు పడినంత మాత్రమున దాని ఫలము ఆ ఊరివారికి దక్కునని చెప్పలేము. ఎవరి శ్రమతో పడినది, ఎవరి ప్రయోజనమునకు సాగుచున్నది అను ప్రశ్న నాడును ఉన్నది, నేడును ఉన్నది. నేడు ఆ ప్రశ్న అడుగుటకు గ్రామసభ కలదు.

మార్గదర్శకుని వెంట సాగు యాత్ర

మోటారుసైకిలు యాత్రలు రెండు విధములు. నలుగురు స్నేహితులు తమంత తాము పోవుట ఒకటి. నిర్వాహకునకు రుసుము చెల్లించి మార్గదర్శకుని వెంట పోవుట రెండవది. ఈ రెండవ విధమున పదిమంది పండ్రెండుగురు ఒక జట్టుగా నుందురు. ముందు దారి యెఱిగినవాడు నడుపును; అతనిని ఎవరును దాటిపోరాదు. చివర అనుభవజ్ఞుడు మఱియొకడు వచ్చును. అతనికి వెనుక ఎవరును మిగులరాదు. వెనువెంట ఒక వ్యానులో మెకానిక్కు, విడిభాగములు, ప్రథమచికిత్స సామగ్రి, సామానులు వచ్చును. దినమునకు నూఱు నూటయేబది కిలోమీటర్లకు మించి పోక, చీకటి పడకముందే బసకు చేరుట మంచి నిర్వాహకుల పద్ధతి.

గ్రామమునకు రెండవ విధమైన యాత్రతో వ్యవహరించుట సులభము. మాటాడుటకు ఒక బాధ్యుడుండును. ఎందఱు వచ్చెదరు, ఎన్నడు వచ్చెదరు, ఏమి తినెదరు అను సంగతులు ముందుగా తెలియును. కావున పంచాయతీలు ఇట్టి నిర్వాహకులతో ముందుగా ఒడంబడిక చేసికొనుట మేలు.

గ్రామమునకు దక్కునదేమి

ఒక చిన్న లెక్క వేసి చూతము. పండ్రెండుగురు ఒక గ్రామమున రెండు రాత్రులు బస చేసిరనుకొందము. 24 రాత్రి భోజనములు, 24 ఉదయపు ఫలహారములు కావలెను. బియ్యము, కూరగాయలు, కోళ్లు, పాలు ఆ ఊరిలోనే కొని, ఆ ఊరి స్త్రీల పొదుపు సంఘమువారే వండిపెట్టినచో ఆ ధనము ఊరిలోనే నిలుచును. అట్లుగాక అన్నియు మైదానమునుండి వ్యానులో తెచ్చుకొని, పట్టణపు ఆసామి కట్టిన బసలో పరుండి పోయినచో ఊరికి మిగులునది చెత్త మాత్రమే. మనిషికి దినమునకు మూడు లీటర్ల నీరు సీసాలలో కొని తెచ్చుకొనినచో, ఆ రెండు దినములకే 72 ఖాళీ సీసాలు పోగగును. ఇట్టి జట్లు ఒక్క చలికాలములో ఎన్ని వచ్చునో సభ్యులే లెక్కించుకొనవచ్చును.

అమ్మదగిన సరకులు మన్యమున కొదువ లేవు. అరకు ప్రాంతపు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తేనె, కాఫీ మొదలగువానిని అమ్ముచున్నది. పసుపు, మిరియములు, రాజ్మా చిక్కుళ్లు ఇచ్చట పండుచున్నవి. వెదురుబొంగులో కాల్చిన కోడికూర దారి ప్రక్కన అమ్ముడుపోవుచున్నది. వలిసెపూలు పూచినపుడు పొలములో దిగి ఛాయాచిత్రములు తీసికొనువారి వలన పైరు తొక్కుడుపడుచున్నది. గట్టుమీద ఒక బాట విడిచి, స్వల్ప రుసుము పుచ్చుకొనుట రైతునకు న్యాయమే.

ఇతర దేశములలోను ఇట్టి అనుభవమున్నది. వియత్నాము ఉత్తర సరిహద్దునందలి హా జాంగ్ కొండలలో 1959 నుండి 1965 వఱకు వేలాది యువజనులు శ్రమించి వేసిన రోడ్డుపై నేడు మోటారుసైకిలు యాత్రలు విరివిగ సాగుచున్నవి. అచ్చట స్థానిక యువకులే బండి నడుపుచు, యాత్రికుని వెనుక కూర్చుండబెట్టుకొని త్రిప్పుచున్నారు. కొండదారి తెలియనివాడు బండి నడుపనవసరము లేదు. కూలి ఊరివానికే దక్కుచున్నది. మన లడఖ్‌లో 1974లో యాత్రికులకు ప్రవేశము కల్పించిన పిమ్మట, క్రమముగ గ్రామస్థుల ఇండ్లలోనే అతిథులు బస చేయు పద్ధతి వచ్చినది. కొన్ని గ్రామములలో అతిథులను వంతుల ప్రకారము ఇంటింటికి పంపుదురు. ఇందువలన రోడ్డు ప్రక్కన పెద్ద ఇల్లు గలవానికే లాభమంతయు పోదు. ఈ వంతుల పద్ధతి మన గిరిజన గ్రామములకు చక్కగ సరిపోవును.

ప్రాణరక్షణ

ఘాటు రోడ్డుమీద జరుగు ప్రమాదములకు కారణములు తెలిసినచో వానిని చాలవఱకు నివారింపవచ్చును. దిగునపుడు ఇంజను ఆపి, లేక గేరు తీసి, బ్రేకులమీదనే ఆధారపడువారు కలరు. ఎడతెగక బ్రేకు త్రొక్కుటచే అది కాగి పట్టు తప్పును. ఏ గేరులో ఎక్కవలసివచ్చునో ఆ గేరులోనే దిగవలెనని పెద్దలు చెప్పుమాట నిజము. అపుడు ఇంజనే బండిని అదుపులో నుంచును. పొగమంచులో పెద్దదీపము వేసినచో వెలుతురు మంచుపై పడి కన్నులనే కప్పివేయును. దీపమును క్రిందికి దించి మెల్లగ పోవలెను. ఇరుకైన చోట ఎక్కు బండికి దిగు బండి దారి యీయవలెను.

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము నడుపువారును, వెనుక కూర్చుండువారును శిరస్త్రాణము ధరింపవలెను. బండిమీద ఇద్దఱకు మించి ఉండరాదు. అద్దెకిచ్చు మోటారుసైకిళ్లకు 1997 నాటి పథకము క్రింద లైసెన్సు ఉండవలెను. సొంత బండ్లను చాటుగ అద్దెకిచ్చుట చెల్లదు. ప్రమాదము జరిగినపుడు ఇట్టి బండికి బీమా సొమ్ము చిక్కులపాలగును.

గ్రామస్థుల వంతు జాగ్రత్తలును కలవు. రాగులు, ధాన్యము తారురోడ్డుమీద ఎండబోయుట, నూర్చుట చాల ఊళ్లలో అలవాటు. మలుపు తిరిగిన బండి ఆ గింజలపై జాఱుట తథ్యము. ప్రాణము పోవునది యాత్రికునిదే కావచ్చును, రోడ్డు ప్రక్కన కూర్చున్న మన బిడ్డదే కావచ్చును. పంచాయతీ ఒక కళ్లమును ఏర్పాటు చేసినచో ఈ ఆపద తొలగును. పశువులను రోడ్డు అంచున కట్టుటయు మాన్పింపవలెను. సంతనాడు ఊరిలో బండ్లు నెమ్మదిగ పోవునట్లు ఇద్దఱు యువకులను నిలుపవలెను.

ప్రమాదమునకు గుఱియైనవానిని తాకినచో కేసులలో చిక్కుకొందుమను భయము ఇంకను పోలేదు. 2019లో చట్టమునకు చేర్చిన 134-ఏ విభాగము, సద్బుద్ధితో సహాయము చేసినవానికి రక్షణ కల్పించుచున్నది. వెంటనే 108కి తెలుపవలెను. ఫోను సంకేతము అందని చోట్లు మన్యమున పెక్కు. కావున సంకేతమందు తావు ఎచ్చట కలదో, సమీప ఆరోగ్యకేంద్రము ఎంత దూరమో బోర్డుపై వ్రాయించి రోడ్డు ప్రక్కన నాటించుట పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు.

భూమి, గ్రామసభ

యాత్రలు పెరిగినకొలది రోడ్డు ప్రక్క భూమికి గిరాకి పెరుగును. ఇదియే అన్నిటికంటె ముఖ్యమైన విషయము. షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనుని భూమి గిరిజనేతరునకు బదిలీ అగుట చెల్లదు. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషనును 1970లో సవరించిన ‘ఒకటి బై డెబ్బది’ చట్టము గిరిజనేతరుల నడుమ బదిలీలను గూడ నిషేధించినది. బొర్రా పంచాయతీ ప్రాంతపు గనుల లీజులపై నడచిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పుచు, ప్రభుత్వ భూములను గూడ అట్టి ప్రాంతములలో గిరిజనేతరులకు లీజుకిచ్చుట చెల్లదనెను. కావున వసతిగృహము కట్టెదనని, గిరిజనుని పేర కాగితములు వ్రాయించి వెనుకనుండి నడిపించువారి విషయమున సభ్యులు జాగరూకులై యుండవలెను. వేలిముద్ర వేసినవాడు తన పొలములోనే కూలివాడగుట మనము చూడగూడదు.

1996 నాటి పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో గ్రామసభకు విశేషాధికారములను ఇచ్చినది. మన రాష్ట్రమున 1998లో పంచాయతీరాజ్ చట్టమును అందుకు అనుగుణముగ సవరించి, 2011లో నియమములు చేసిరి. ఊరి ఆచారములను, ఉమ్మడి వనరులను కాపాడుకొనుట, భూమి అన్యాక్రాంతము కాకుండ చూచుట గ్రామసభ కర్తవ్యములు. దేవతల గుళ్లు, శ్మశానములు, స్నానపు రేవులు యాత్రికులకు చూపదగిన వేడుకలు కావు. థింసా నృత్యమును ఊరివారు తమకు ఇష్టమైనపుడు, తగిన ప్రతిఫలమునకు ప్రదర్శింతురు. అడిగినపుడెల్ల ఆడవలసిన అగత్యము లేదు. స్త్రీల, పిల్లల చిత్రములను అనుమతి లేక తీయరాదని ముందే చెప్పవలెను.

గ్రామసభ తీర్మానింపదగిన అంశములు

ఈ క్రింది విషయములను చలికాలమునకు ముందే చర్చించుట మంచిది. యాత్రికులు బస చేయదగిన ఇండ్లేవి, వంతులెట్లు, మనిషికి ధర ఎంత? త్రాగునీరు కాచి ఇచ్చి సీసాల వాడుకను ఎట్లు తగ్గింపవలెను? తెచ్చిన చెత్తను యాత్రికులే తిరిగి తీసికొనిపోవు షరతు ఎట్లు పెట్టవలెను? బండ్లు నిలుపు తావు ఏది, చట్టము అనుమతించు మేరకు దానికి రుసుమెంత, వచ్చిన సొమ్ము ఏ పనికి? రాత్రి ఎన్ని గంటలకు చప్పుడు ఆగవలెను? అడవిలో మంట వేయుట, బస చేయుట అటవీశాఖ అనుమతి లేక సాగరాదని ఎవరు చెప్పవలెను? విదేశీయులు బస చేసినచో ఆ సంగతి గడువులోగా అధికారులకు తెలుపు బాధ్యత ఎవరిది? పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ అధికారులను, పంచాయతీ కార్యదర్శిని సంప్రదించినచో ఈ విషయములలో సలహా లభించును.

మైదానపు పంచాయతీలకును పని కలదు. అచ్యుతాపురము వంటి ఊళ్లనుండి బయలుదేరు యువకులకు శిరస్త్రాణము, లైసెన్సు, బీమా, బ్రేకుల పరీక్ష గుఱించి అచ్చటనే బోధపఱచినచో, కనుమలో జరుగు ప్రమాదము ఊరిలోనే ఆగును. ఆ యువకులు మన బిడ్డలే. ఎదురుపడు కొండవారును మనవారే.

అతిథిని ఆదరించుట మన ఆచారము. అతిథి వచ్చి పోయిన పిమ్మట ఇంటిలో గింజలు మిగిలినవా, ఊట శుభ్రముగ నున్నదా, పొలము మన పేరనే యున్నదా అని చూచుకొనుట గృహస్థు ధర్మము. ఈ ధర్మమును ఊరి పక్షమున నెఱవేర్చు బాధ్యతను ప్రజలు పంచాయతీ సభ్యులకు అప్పగించియున్నారు.