జవాబు తెలియని ప్రశ్నతో ఒక వేసవి

డిగ్రీ చదివే పిల్లలకు వేసవి సెలవులు రాగానే ఇంట్లో రెండు ఆలోచనలు బయలుదేరుతాయి. ఏదైనా కోచింగులో చేర్పించడం ఒకటి, నాలుగు రూపాయలు తెచ్చే పనిలో పెట్టడం మరొకటి. రెండింటిలోనూ తప్పు లేదు. అయితే జీవశాస్త్రం అభ్యసించే విద్యార్థుల ముందు మూడో మార్గం కూడా ఉంది. అదే వేసవి పరిశోధనా కార్యక్రమం. ఎనిమిది, పది వారాల పాటు ఒక శాస్త్రవేత్త పర్యవేక్షణలో, ఆయన ప్రయోగశాలలోనే ఉండి, ఒక నిజమైన పరిశోధనాంశంపై పనిచేయడం దీని సారాంశం. ఇటువంటి అవకాశం ఒకటి ఉన్నదన్న సంగతే తెలియక ఎందరో ప్రతిభావంతుల వేసవులు గడిచిపోతున్నాయి.

ఒక వేసవి వేసిన విత్తనం

అమెరికా ఈశాన్య తీరంలోని మెయిన్ రాష్ట్రంలో బార్ హార్బర్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి జాక్సన్ ప్రయోగశాల ఎలుకల జన్యుశాస్త్రానికి పేరు పొందింది. 1955 వేసవిలో డేవిడ్ బాల్టిమోర్ అనే పాఠశాల విద్యార్థి అక్కడి వేసవి శిక్షణలో చేరాడు. ఆ ఏడే కళాశాల చదువు ముగించిన హోవర్డ్ టెమిన్ అక్కడి విద్యార్థులకు మార్గదర్శిగా వ్యవహరించాడు. వారిద్దరి పరిచయం అలా మొదలైంది. 1959లో న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాల డిగ్రీ విద్యార్థుల కోసం వేసవి పరిశోధనా కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు మొదటి బృందంలో బాల్టిమోర్ కూడా ఉన్నాడు.

జన్యు సమాచారం డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏకే వెళుతుందని ఆ రోజుల్లో శాస్త్రలోకం భావించేది. కొన్ని వైరస్‌లలో అది ఎదురుదిశలోనూ సాగుతుందని టెమిన్ వాదిస్తే కొన్నేళ్ల పాటు చాలామంది నమ్మలేదు. 1970లో టెమిన్, బాల్టిమోర్ వేర్వేరు నగరాల్లో, వేర్వేరు ప్రయోగశాలల్లో పనిచేస్తూ, ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏను తయారుచేసే ఎంజైమును కనుగొన్నారు. 1975లో రెనాటో డుల్‌బెకోతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. కోవిడ్ కాలంలో ఇంటింటా వినిపించిన ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష పేరులోని మొదటి రెండక్షరాలు ఆ ఎంజైము చేసే పనినే సూచిస్తాయి.

వేసవి శిక్షణకు వెళ్లిన ప్రతివారూ నోబెల్ తెస్తారని దీని భావం కాదు. పుస్తకంలో చదివిన శాస్త్రం చేతికి తగిలినప్పుడే అది తన దారి అవునో కాదో విద్యార్థికి తెలుస్తుంది. బాల్టిమోర్‌కు అది వేసవిలోనే తెలిసింది.

ప్రయోగశాలలో ఏం జరుగుతుంది?

కళాశాల ప్రాక్టికల్స్‌లో ఫలితం ముందే తెలుసు. రికార్డులో రావలసిన అంకె రాకపోతే పక్కవారి రికార్డు చూసి సరిదిద్దుకునేవారు కూడా ఉన్నారు. పరిశోధనశాలలో ఆ వీలు లేదు. అక్కడ అడిగే ప్రశ్నకు జవాబు గురువుకు కూడా తెలియదు. తెలిస్తే అది పరిశోధనే కాదు.

మొదటి రోజులు చేతి పని నేర్చుకోవడంలోనే గడుస్తాయి. మిల్లీలీటరులో వెయ్యో వంతు ద్రవాన్ని పిపెట్‌తో కొలిచి తీయడం, సూక్ష్మజీవులను ఇతర జీవులు కలవకుండా పెంచడం, డీఎన్‌ఏ ముక్కలను జెల్‌లో విద్యుత్తు సాయంతో వేరుచేయడం వంటివి అభ్యాసంతో తప్ప రావు. తర్వాత తనకంటూ ఒక చిన్న ప్రశ్న దొరుకుతుంది. ఒక జన్యువును తొలగిస్తే ఈస్ట్ కణం వేడిని తట్టుకోగలదా అన్నంత చిన్నది కావచ్చు. ప్రయోగం చేస్తారు, చెడుతుంది. మళ్లీ చేస్తారు, మళ్లీ చెడుతుంది. రసాయనం పాతదా, ఉష్ణోగ్రత తప్పిందా, అసలు ఊహే పొరపాటా? ఒక్కొక్క కారణాన్ని విడదీసి పరీక్షించాలి. ఇందుకోసమే ప్రతి ప్రయోగం పక్కన, ఏ మార్పూ చేయని మరో నమూనాను కూడా నడుపుతారు. పోల్చి చూడడానికి అది లేకపోతే ఎంత గొప్ప ఫలితమైనా నిలబడదు.

వీటన్నిటికీ సాక్షి ప్రయోగశాల నోటుపుస్తకం. ఏ తేదీన ఏం చేశారు, ఏం వచ్చింది అన్నది అప్పటికప్పుడు రాయాలి. చెడిన ప్రయోగాన్నీ రాయాలి. పేజీ చించకూడదు, తప్పు పడితే అడ్డంగా ఒక గీత గీసి పక్కన సరైనది రాయాలి. తనకు నచ్చిన ఫలితాన్ని ఉంచి, నచ్చనిదాన్ని దాచేవాడు శాస్త్రానికి ద్రోహం చేసినట్లే. ఇరవై ఏళ్లు నిండని విద్యార్థి రెండు నెలల పాటు ఈ నిజాయితీని ప్రతిరోజూ అభ్యసించడం ఏ సర్టిఫికెట్ కంటేనూ విలువైనది. మా మదరసాలలో ఒక మాట అంటుంటాం: గ్రంథాన్ని ఒంటరిగా చదవడం వేరు, ఉస్తాద్ ఎదుట కూర్చుని చదవడం వేరు. ప్రయోగశాల విద్య కూడా ఈ రెండో కోవకే చెందుతుంది.

మన పిల్లలకు దారి ఎక్కడ?

మన దేశంలో బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, న్యూఢిల్లీలోని ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ, ప్రయాగ్‌రాజ్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ కలిసి ఏటా వేసవి పరిశోధనా ఫెలోషిప్‌లు ఇస్తున్నాయి. వ్యవధి రెండు నెలలు. ఎంపికైనవారిని దేశంలోని ఏదో ఒక శాస్త్రవేత్త వద్దకు పంపుతారు. ఫెలోషిప్ సొమ్ము, ప్రయాణ ఖర్చు ఇస్తారు. జీవశాస్త్రంతో పాటు రసాయన, భౌతిక, గణిత శాస్త్రాల విద్యార్థులకూ ఇందులో చోటుంది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. వేసవి కార్యక్రమానికి దరఖాస్తు వేసవిలో చేస్తే కుదరదు. సాధారణంగా ముందు సంవత్సరం చివరి నెలల్లోనే గడువు ముగుస్తుంది. తాను ఏం నేర్చుకోగోరుతున్నదీ విద్యార్థి సొంత మాటల్లో రాయాలి. తనను ఎరిగిన అధ్యాపకుని సిఫారసు లేఖ కావాలి. కాబట్టి తరగతిలో ప్రశ్నలు అడిగి గురువుకు పరిచయమైన విద్యార్థికి ఈ పని సులువు. మరో హెచ్చరిక: ప్రయోగశాల ముఖమైనా చూపించకుండా, డబ్బు తీసుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టే బేరగాళ్ల జోలికి పోవద్దు.

తల్లిదండ్రులకు ఒక మాట

కొడుకు విషయంలో "ఈ రెండు నెలలు సంపాదిస్తే ఇంటికి ఆసరా కదా" అనిపించడం సహజం. ఫెలోషిప్ సొమ్ము ఆ లోటును కొంతైనా తీరుస్తుంది. కూతురి విషయంలో బెంగ మరింత ఎక్కువ. దూరప్రాంతం, తెలియని నగరం. ఆ బెంగను కొట్టిపారేయనక్కరలేదు. వసతి ఎక్కడ, తోడు ఎవరు, పని వేళలు ఏమిటి అని ముందే విచారించండి. సాధ్యమైతే ఒకసారి వెంట వెళ్లి చూసి రండి. జవాబులు తృప్తికరంగా ఉన్నప్పుడు కేవలం "ఎప్పుడూ పంపలేదు" అన్న కారణంతో మాత్రం ఆపకండి. అన్ని అర్హతలూ ఉండి, ఇంటి గడప దాటలేక ఆగిపోయిన చదువు ఒక కుటుంబానికే కాదు, సమాజానికే నష్టం.

తిరిగి వచ్చిన రోజున "ఏం కనుక్కున్నావు?" అని అడగకండి. రెండు నెలల్లో కొత్త విషయం బయటపడకపోవచ్చు. "ఏ ప్రశ్న అడగడం నేర్చుకున్నావు?" అని అడగండి. ఆ ప్రశ్నకు ఉత్సాహంగా ఒక గంట మాట్లాడితే, ఆ వేసవి సద్వినియోగమైనట్లే.