పరమాణు ద్రవ్యరాశిలోఁ గేంద్రకభాగము

పరమాణువు నడుమఁ గేంద్రకమును, దాని చుట్టును ఎలక్ట్రానులును గలవు. ద్రవ్యరాశి దాదాపుగా నంతయుఁ గేంద్రకమునందే యున్నదని పాఠ్యగ్రంథములు చెప్పుచున్నవి. ఈ ‘దాదాపు’ ఎంత యనునది గణితముచే నిర్ణయింపఁదగిన విషయము.

1909వ సంవత్సరమున మాంచెస్టరునందు గైగరు, మార్స్‌డెను అనువారు పలుచని బంగారు రేకుపై ఆల్ఫాకణములను బ్రయోగించిరి. పెక్కు కణములు రేకును దాఁటిపోయినవి. మిక్కిలి కొలఁది మాత్రమే వెనుకకు మరలినవి. పరమాణువునందలి ఆవేశము అత్యల్పస్థానమునఁ గూడియుండుటయే యిందులకుఁ గారణమని రూథర్‌ఫర్డు 1911లో వివరించెను. కావున నుదాహరణమునకు బంగారమునే గైకొనుట తగును.

కర్బనము–12 పరమాణువు ద్రవ్యరాశిలోఁ బండ్రెండవ పాలు మానముగాఁ గొన్నచో, బంగారు పరమాణువు 196.9666, ప్రోటాను 1.00728, న్యూట్రాను 1.00866, ఎలక్ట్రాను 0.00054858 అగును. బంగారు కేంద్రకమున 79 ప్రోటానులును 118 న్యూట్రానులును గలవు. వెలుపల 79 ఎలక్ట్రానులు గలవు.

విద్యార్థికి మొదటఁ దోఁచు మార్గము సంకలనము. 79 ప్రోటానులను, 118 న్యూట్రానులను గూడఁగా 198.597 వచ్చును. ఇది పరమాణువు మొత్తముకంటె నధికము. కేంద్రకభాగము నూటికి 100.83 అగును. అవయవికంటె నవయవము పెద్దదగుట యసంగతము. గుణకారమున దోషము లేదు. దోషము మార్గమునందే కలదు. ప్రోటానులు, న్యూట్రానులు కేంద్రకముగాఁ గూడునపుడు శక్తి వెలువడును. 1905లో ఐన్‌స్టీను తెలిపిన సంబంధము ననుసరించి, ఆ శక్తికి సమానమగు ద్రవ్యరాశి తగ్గును. బంగారమున నీ లోపము 1.674; అది 79 ఎలక్ట్రానుల మొత్తమునకు 38 రెట్లను మించినది. అట్టి లోపమును విడిచి, ఎలక్ట్రానుల యల్పభాగమును గణింపఁబూనుట నిష్ఫలము.

కావున వ్యవకలనమే సరియైన మార్గము. 79 ఎలక్ట్రానుల ద్రవ్యరాశి 0.0433. దీనిని 196.9666 నుండి తీసివేయఁగా 196.9233 మిగులును. ఇది మొత్తమున నూటికి 99.978 పాళ్లు. ఎలక్ట్రానులను బంధించు శక్తివలనను గొంత భేదము కలదు గాని, యది మూఁడవ దశాంశస్థానమును మార్పఁజాలదు. పది గ్రాముల బంగారమున ఎలక్ట్రానుల పాలు 2.2 మిల్లీగ్రాములు మాత్రమే. అది యొక బియ్యపుగింజ యెత్తైనను గాదు.

ఇట్లే గణించినచో సామాన్య హైడ్రోజనునకు 99.946, కర్బనము–12నకు 99.973, యురేనియము–238నకు 99.979 వచ్చును. హైడ్రోజను కేంద్రకమున న్యూట్రాను లేనందున దాని పాలు తక్కువ. కర్బనమున ప్రోటానులు, న్యూట్రానులు సమసంఖ్యాకములు. యురేనియమునందు న్యూట్రానులు హెచ్చు. కావున నొక్కొక్క ఎలక్ట్రానునకుఁ గేంద్రకమున దక్కు బరువును హెచ్చు.

ఉపాధ్యాయులు ముందుగా సంకలనమును జేయించి, ఫలము నూటిని మించుటను జూపి, పిదప వ్యవకలనమును నేర్పుట మేలు. అపుడు కేంద్రకము తన కణముల మొత్తముకంటెఁ దేలికయైనదను తత్త్వము విద్యార్థికి లెక్కయందే గోచరించును.