‘ఎన్ని వాట్లు?’ అని అడిగితే ఏం చెబుతారు?

నా మొదటి ఇంటర్వ్యూ ఇంకా గుర్తుంది. రెజ్యూమెలో ‘ఎనర్జీ ఎఫిషియెన్సీపై ఆసక్తి’ అని గొప్పగా రాసుకున్నా. ప్యానెల్‌లో ఒకాయన ‘ఇంట్లో కరెంటు వృథాకు ఒక ఉదాహరణ చెప్పండి’ అన్నారు. ‘ఫోన్ చార్జర్ సాకెట్‌లోనే వదిలేయడం సార్’ అని టక్కున చెప్పేశా. ‘ఎన్ని వాట్లు?’ అన్నారాయన. నోట మాట రాలేదు. ఉద్యోగమూ రాలేదు.

మీకు ఆ పరిస్థితి రాకూడదు. సమాధానం మీ ఇంటి కరెంటు మీటర్ దగ్గరే ఉంది.

ఆపినా ఎందుకు ఖర్చు?

రిమోట్‌తో ఆపితే టీవీ తెర మాత్రమే ఆరుతుంది. మళ్లీ బటన్ నొక్కగానే గుర్తుపట్టాలంటే లోపలి సెన్సర్, చిన్న కంట్రోలర్ మేలుకునే ఉండాలి. వాటి కోసం పవర్ సప్లై కూడా పనిచేస్తూనే ఉంటుంది. ఇదే స్టాండ్‌బై పవర్. దీన్ని 1 వాట్‌కు తగ్గించాలని ఇంటర్నేషనల్ ఎనర్జీ ఏజెన్సీ 1999లోనే ప్రతిపాదించింది. యూరోపియన్ యూనియన్ 2010లో పరిమితులు పెట్టి, 2013లో వాటిని ఇంకా బిగించింది.

అందుకే ఇప్పటి మంచి చార్జర్ ఖాళీగా సాకెట్‌లో ఉన్నా సాధారణంగా అర వాట్ కూడా లాగదు. ఏడాదంతా వదిలేసినా నాలుగైదు యూనిట్లు దాటదు. నేను చూపించింది తప్పు దొంగను! చాలా పాత సెట్ టాప్ బాక్సులు రిమోట్‌తో ఆపినా, ఆన్‌లో ఉన్నప్పుడు ఎంత వాడతాయో దాదాపు అంతే వాడతాయి.

ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. ఏడాదికి 8,760 గంటలు. అంటే 1 వాట్ ఆగకుండా నడిస్తే 8.76 యూనిట్లు. 10 వాట్ల బాక్స్ అయితే సుమారు 88 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలు అనుకుంటే దాదాపు 525 రూపాయలు.

పైసా ఖర్చు లేని ప్రయోగం

ఎలక్ట్రానిక్ మీటర్‌పై చిన్న ఎర్ర లైటు మినుకుమంటుంటుంది. పక్కన 3200 లాంటి అంకె ఉంటుంది. యూనిట్ కరెంటుకు అది అన్నిసార్లు వెలుగుతుందని అర్థం.

- ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి లైట్లు, ఫ్యాన్లు ఆపండి. ఫ్రిజ్, ఇన్వర్టర్ స్విచ్‌లను కూడా కొన్ని నిమిషాలు ఆపండి.
- టీవీ, సెట్ టాప్ బాక్స్, ఏసీలను రిమోట్‌తో మాత్రమే ఆపి, గోడ స్విచ్‌లు ఆన్‌లోనే ఉంచండి.
- రెండు మెరుపుల మధ్య సెకన్లు లెక్కపెట్టండి. మీటర్‌పై 3200 ఉంటే 1125ను ఆ సెకన్లతో భాగించండి. వచ్చేదే వాట్లు. వేరే అంకె ఉంటే 36 లక్షలను ముందు దాంతో భాగించాలి.
- తర్వాత ఒక్కో గోడ స్విచ్ ఆపుతూ మళ్లీ కొలవండి. మీటర్‌ను మాత్రం చేత్తో ముట్టుకోవద్దు.

మా ఇంట్లో మొదట 45 సెకన్లు వచ్చింది. అంటే 25 వాట్లు. సెట్ టాప్ బాక్స్ స్విచ్ ఆపగానే 75 సెకన్లకు, అంటే 15 వాట్లకు దిగింది. బాక్స్ ఒక్కటే 10 వాట్లన్నమాట!

అయితే పూర్తిగా ఆపేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. ‘నా సీరియల్ టైమ్‌కి అది ఆన్ అయ్యేసరికి సగం అయిపోతుందిరా’ అంది. నిజమే, ఆ బాక్స్‌కు స్టార్ట్ కావడానికి టైమ్ పడుతుంది. చివరికి రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే ఆపుదామని రాజీ పడ్డాం. ఏడాదికి 29 యూనిట్లు మిగులు. చిన్నదే, కానీ కొలిచి చెప్పిన అంకె.

ఇంకో మాట. స్టాండ్‌బై ఒక్కటే పట్టుకుని కూర్చోకండి. 75 వాట్ల మామూలు ఫ్యాన్ బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ రోజుకు 12 గంటలు, 300 రోజులు తిరిగితే 162 యూనిట్లు ఆదా. ఎక్కడ ఎక్కువ పోతోందో ముందు చూడటమే ఎనర్జీ ఆడిట్‌లో మొదటి పాఠం.

ఉద్యోగానికి ఎలా పనికొస్తుంది?

ఇంధన పొదుపు చట్టం-2001 ప్రకారం సిమెంట్, ఉక్కు, థర్మల్ విద్యుత్ వంటి రంగాల్లో ప్రభుత్వం నోటిఫై చేసిన భారీ వినియోగదారులు ఎనర్జీ మేనేజర్‌ను నియమించుకోవాలి. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ తరఫున జరిగే జాతీయ పరీక్షలో మేనేజర్లకు మూడు, ఆడిటర్లకు నాలుగు పేపర్లు ఉంటాయి. అర్హత వివరాలు తాజా నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఎలక్ట్రానిక్స్ వాళ్లకైతే తక్కువ పవర్‌తో పనిచేసే ఎంబెడెడ్ డిజైన్ మరో దారి.

రెజ్యూమెలో ‘ఆసక్తి’ అనే మాట తీసేయండి. ‘మా ఇంటి స్టాండ్‌బై లోడ్ 25 వాట్లని మీటర్ పల్స్‌తో కొలిచాను, ఏడాదికి 29 యూనిట్లు తగ్గించే మార్పు చేశాను’ అన్నట్టు మీ సొంత అంకెలతో రాయండి. అప్పుడు ‘ఎన్ని వాట్లు?’ అని ఎవరడిగినా తడబడరు. ‘ఎలా కొలిచారు?’ అని అడిగితే ఇంకా మంచిది, చెప్పడానికి మీ దగ్గర ఒక కథ ఉంటుంది.