కాడి కింద ఎద్దు నొప్పి చెప్పదు

దుక్కిలో ఎద్దు గిట్టకు గాజుపెంకు దిగింది. అయినా సాలు తప్పలేదు. పొద్దుగూకి కాడి దించాక మాత్రం కాలు కింద మోపలేదు. "పొద్దున బాగానే దున్నింది గదా!" అంటాం.

అది దొంగవేషం కాదు. అదిలింపుకూ ముల్లుగర్రకూ బెదిరిన పశువు ఒంట్లో, మూత్రపిండాల పక్కనుండే గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. మెదడు నల్లమందులాంటి పదార్థాలను ఊరిస్తుంది. వీటిలో ఒకదాన్ని 1975లో స్కాట్లండులో హ్యూస్, కోస్టర్‌లిట్జ్ అనే శాస్త్రజ్ఞులు పంది మెదడులో కనుగొన్నారు. దాని పేరు ఎన్‌కెఫాలిన్. నొప్పి కబురును ఇవి దారిలోనే అడ్డుకుంటాయి. కోతలో కొడవలి తెగితే మనకూ గట్టెక్కాకే గదా తెలిసేది!

ఆ అడ్డు కాసేపే. గాయమైనచోట పుట్టే ప్రోస్టాగ్లాండిన్లు నరాలను రెచ్చగొడతాయి. వాపు, సలుపు మొదలవుతాయి. రోజుల తరబడి బెదురూ ఆకలీ బరువూ తప్పకపోతే కార్టిసాల్ ఎడతెగక ఊరి, పుండు త్వరగా మానదు, నొప్పీ ముదరవచ్చు.

కాబట్టి నడుస్తోందని నొప్పి లేదనుకోవద్దు. కాడి దించి కాసేపాగి చూడండి. మేత ముట్టడం లేదా? నెమరు ఆపిందా? కాలు ఎత్తెత్తి పెడుతోందా? అయితే మర్నాడు కాడి కట్టకండి, పశువుల డాక్టరుకు చూపించండి. డైక్లోఫినాక్ సూది మాత్రం వద్దు. ఆ మందు పడిన కళేబరాలు తిని రాబందులు చచ్చాయి. అందుకే 2006లో పశువులకు నిషేధించారు. బదులుగా మెలాక్సికామ్ ఉంది. అది పశువైద్యశాలలో ఉంచాలని కలిసి అడుగుదాం. ఎద్దు కూలబడితే మొదట కూలబడేది చిన్నరైతూ కౌలుదారే.